బుచ్చవ్వ విమానం దిగిన రోజు

షామీర్‌పేట దాటి, పెద్ద రోడ్డు వదిలి లోపలికి వెళ్తే వచ్చే ఆ విమానయాన విశ్వవిద్యాలయంలో ఎగిరే విమానం ఒక్కటీ లేదు. రేకుల షెడ్డులో రెక్కలు ఊడదీసిన చిన్న విమానం ఒకటుంది. మరమ్మతుల కోర్సు పిల్లలు దాన్ని ఏటా విప్పి ఏటా బిగిస్తుంటారు. షెడ్డు పక్కన పెద్ద విమానం ముక్క ఒకటి ఇనుప స్టాండ్ల మీద నిలబెట్టి ఉంది. లోపల నిజం సీట్లు, పక్కన నిజం తలుపు, ఆ తలుపు నుంచి నేల దాకా వాలుగా రబ్బరు జారుడుబల్ల. విమానానికి నిప్పంటుకుంటే ప్రయాణికులు దాని మీద జారి బయటపడాలి. విమాన సిబ్బందిగా చేరబోయే మిగతా పిల్లలందరికీ అదే విమానం. హకీంపేట నుంచి లేచిన వాయుసేన విమానం నెత్తి మీదుగా వెళ్తే మాత్రం పాఠం ఆగిపోయేది, అందరి తలలూ కిటికీల వైపు తిరిగేవి.

పిల్లలు కూడా కొద్దిమందే. ఎవరి డబ్బాలో ఏ కూర ఉందో, ఎవరు ఎవరితో మాటలు మానేశారో మధ్యాహ్నం కల్లా అందరికీ తెలిసిపోయేది. అలాంటి చోట అశ్రితకు పేరు రావడానికి ఎక్కువ కాలం పట్టలేదు. వాళ్ళ నాన్న సైన్యంలో పనిచేసి రిటైరై యాప్రాల్‌లో స్థిరపడ్డాడు. చిన్నప్పటి నుంచి ఊళ్ళు మారుతూ పెరిగిన పిల్ల. ఏ బడిలో వేసినా వారం తిరిగేసరికి క్లాస్ లీడర్. గొంతు గంటలా ఉండేది. విమానంలో ప్రమాదం వచ్చినప్పుడు సిబ్బంది ఇంగ్లీషులో అరవాల్సిన ఆజ్ఞలు ఆమె అరిస్తే క్యాంటీన్‌లో టీ తాగేవాళ్ళు కూడా లేచి నిలబడతారని ప్రణయ్ ఎగతాళి చేసేవాడు. ప్రణయ్ ఆమె క్లాసే, చేతిలో ఫోను లేకుండా ఎప్పుడూ కనిపించేవాడు కాదు.

రిదా ఇందుకు పూర్తిగా వేరు. షామీర్‌పేట చెరువు అవతలి ఊరు ఆమెది. రోజూ బస్సులో వచ్చి, వెనక బెంచీలో కూర్చుని, బస్సులోనే వెళ్ళిపోయేది. మొదటి నెలలో ఆమె గొంతు విన్నవాళ్ళే లేరు. ఒకరోజు వాన పడి బస్సు రాకపోతే అశ్రిత ఆమెను తన హాస్టల్ గదికి లాక్కెళ్ళింది. తడిసిన బట్టలు ఆరేదాకా ఇద్దరూ ఒకే దుప్పటి కప్పుకుని మరమరాలు తిన్నారు. అప్పటి నుంచి ఒకరు లేనిదే ఇంకొకరు కనిపించేవాళ్ళు కాదు. రిదా గొంతు పెంచడానికి అశ్రిత ఆమెను హాస్టల్ వెనక ఖాళీ జాగాలో నిలబెట్టి, తాను దూరంగా వెళ్ళి, "వినపడట్లే! ఇంకా గట్టిగా!" అని అరిచేది. రిదా కళ్ళు మూసుకుని అరిచేది. అరిచాక సిగ్గుపడి నవ్వేది.

రెండో ఏడు వానాకాలంలో శైలజ మేడం ఒకరోజు క్లాసుకు వస్తూనే, "ప్రయాణికులు కావాలి," అంది. ఆమె చాలా ఏళ్ళు విమానాల్లో పనిచేసి, నడుము నొప్పి వచ్చాక ఆ ఉద్యోగం మాని పాఠాలు చెప్పడానికి వచ్చింది.

"ఇన్నాళ్ళూ సిబ్బందీ మీరే, ప్రయాణికులూ మీరే. గంట మోగకముందే సగం మంది బెల్టులు తీసేసి కూర్చుంటున్నారు. నిజం విమానంలో అలా ఉండదు. ఎప్పుడూ విమానం మొహం చూడనివాళ్ళు కావాలి. పిల్లల తల్లులు, ముసలివాళ్ళు, అందరూ."

వెనక బెంచీ నుంచి రిదా చెయ్యి లేచింది.

"మా ఊరోళ్ళను తీస్కొస్త మేడం. మా అబ్బా చెప్తే వస్తరు."

రిదా వాళ్ళ నాన్న అమీర్ అలీ మేకల వ్యాపారి. ఊళ్ళో ఆయన గడప తొక్కని ఇల్లు లేదు. "మా రిదా విమానం ఎక్కిస్తదట, రాండ్రి," అని చెప్పగానే ఊరు కదిలింది. శనివారం పొద్దున మేకల్ని సంతకు తోలే ట్రాలీని శుభ్రంగా కడిగి, తాటిపత్రి పరిచి, జనాన్ని ఎక్కించుకొచ్చాడు. పెళ్ళికి వచ్చినట్టు వచ్చారందరూ. ఆడవాళ్ళు తలలో పూలు పెట్టుకున్నారు, మగవాళ్ళు ఇస్త్రీ చొక్కాలు వేసుకున్నారు.

అందరికంటే ముందు దిగింది బుచ్చవ్వ. చెరువు కట్ట దగ్గర రోడ్డు పక్కన చేపలమ్మే ముసలామె. కొడుకు లింగస్వామి పట్టి తెస్తాడు, ఆమె అమ్ముతుంది. జరీ అంచు చీర కట్టి, భుజానికి గుడ్డ సంచి తగిలించుకుని, విమానం ముక్క చుట్టూ ఒక చుట్టు తిరిగి వచ్చింది.

"గిది యాడికి పోతది బిడ్డా?" అని అడిగింది అశ్రితను.

పిల్లలు పగలబడి నవ్వారు. "దుబాయ్ పోతది అవ్వా," అన్నాడు ప్రణయ్.

"దుబాయా? గట్లయితే నేను రాను. పొద్దుమీకి శాపలమ్మాలె నేను," అని బుచ్చవ్వ కూడా నవ్వింది. అశ్రితకు నవ్వు ఆగలేదు. శైలజ మేడం ఒక్కతే నవ్వకుండా అందరినీ లోపలికి పంపింది.

ఆ రోజు సిబ్బందికి నాయకురాలు అశ్రిత. గంట మోగిన క్షణం నుంచి తొంభై సెకన్లలో విమానం ఖాళీ కావాలి. ఆ విద్యలో అదే కొలత. గంట మోగింది. దీపాలు ఆరిపోయాయి. నాటకాల్లో వాడే పొగ యంత్రం బుసబుసమంటూ పొగ వదిలింది. అశ్రిత తలుపు తెరిచి, నేర్చుకున్న ఆజ్ఞలు నేర్చుకున్నట్టే అరిచింది. "అన్‌ఫాసెన్ సీట్‌బెల్ట్స్! లీవ్ ఎవ్రీథింగ్! కమ్ దిస్ వే!"

ఎవరూ లేవలేదు. పొగలో తలలు మాత్రం అటూ ఇటూ కదులుతున్నాయి. ఆమె అదే మాట ఇంకా గట్టిగా అరిచింది. ఎవరో పిల్ల ఏడుపు అందుకుంది. చివరికి రిదా సీట్ల మధ్యకు దూరి, ఒక్కొక్కరి బెల్టు తానే విప్పి లేపితే జనం తలుపు వైపు కదిలారు. ఒకరిద్దరు జారారు, కేకలు వేశారు, కింద పరుపు మీద పడి లేచి నవ్వారు. తరువాత బుచ్చవ్వ వచ్చింది. సంచి గుండెలకు హత్తుకుని గడప మీద ఆగిపోయింది. అశ్రిత సంచి లాగేసుకుంది. "జంప్! జంప్!" అని చెవి దగ్గర అరిచింది. ముసలామె వెనక్కి తిరిగి ఏదో అన్నది. గంట చప్పుడులో వినపడలేదు. వెనక జనం తోసుకొస్తున్నారు. సమయం అయిపోతోంది. అశ్రిత అరచేయి ఆమె వీపు మీద ఆనించి తోసింది.

బుచ్చవ్వ కూర్చోలేదు, దూకలేదు. పక్కకు ఒరిగి, చెయ్యి ఒంటి కింద మడతపడి, అలాగే జారి పరుపు మీద పడింది.

గంట ఆపేశారు. బుచ్చవ్వ లేచి కూర్చుని, "ఏం గాలె, ఏం గాలె," అంటూ చెయ్యిని కొంగు కింద దాచుకుంది. ఆమె మొహం మీద చెమట పట్టింది. "జర నీళ్ళియ్యుండ్రి," అంది. శైలజ మేడం కొంగు తొలగించి చూసేసరికి మణికట్టు వంకర తిరిగి ఉంది.

మేడం, అమీర్ అలీ ఆమెను కారులో మేడ్చల్‌లోని ఎముకల ఆసుపత్రికి తీసుకెళ్ళారు. రిదా కూడా ఎక్కింది. తలుపు దగ్గర నిలబడ్డ అశ్రిత అక్కడి నుంచి కదలలేదు. పొగ తేలిపోయాక ప్రణయ్ వచ్చి, "అశ్రితా, దిగు," అన్నాడు. అప్పుడు చూసుకుంది, ముసలామె సంచి ఇంకా తన చేతిలోనే ఉంది.

ఆ సాయంత్రం గదిలో సంచి తెరిచింది. జొన్నరొట్టె, ఎర్రకారం, ఆకువక్కల పొట్లం, తడిగుడ్డ చుట్టిన నీళ్ళ సీసా ఉన్నాయి. రొట్టె తీసి ఏం చేయాలో తోచక కిటికీలో పెట్టింది. పొద్దున్నే పిట్టలు వచ్చి పొడుచుకు తిన్నాయి. ఆమె సంచి ఉతికి ఆరేసింది.

సోమవారం రిదా వచ్చింది కానీ ముందు బెంచీలోకి మారి ఒంటరిగా కూర్చుంది. అశ్రిత పక్కన కూర్చోబోతే పుస్తకాలు సర్దుకుని లేచింది.

"నేను కావాలని తోయలేదు రిదా. పుస్తకంలో ఉందిగా, ఆగిపోయినవాళ్ళను తోయమని," అంది అశ్రిత వరండాలో వెంటపడి.

"నీకు పుస్తకం ఉన్నది. నాకు ఊరున్నది," అంది రిదా. ఆమె గొంతు పెరగలేదు. "మా అబ్బా మొఖం జూసి వచ్చిన్రు వాళ్ళు. లింగస్వామి కాక మా ఇంటికొచ్చి ఏం అనలే, ఊకె కూసుని పోయిండు. తిట్టినా మంచిగుండు. నువ్వు దవాఖానకు కూడా రాకపోతివి. నేను పరేషానయి అటు ఇటు ఉరుకుతుంటే నువ్వేడున్నవ్?"

రిదా క్లాసులోకి వెళ్ళిపోయింది.

ఈలోగా ఆ అభ్యాసంలో ప్రణయ్ తీసిన వీడియో క్లాసు గ్రూపులో తిరిగింది. ఎవరో నవ్వు బొమ్మలు పెట్టారు. మేడం చెప్పగానే ప్రణయ్ తీసేశాడు, వచ్చి క్షమాపణ కూడా అడిగాడు. కానీ అప్పటికే అశ్రిత దాన్ని ఎన్నిసార్లు చూసిందో ఆమెకే తెలియదు. తన మొహం తనకే గుర్తుపట్టరాకుండా ఉంది. కళ్ళు పెద్దవి చేసుకుని, దవడ బిగించి. దాని పక్కనే బుచ్చవ్వ మొహం, వెనక్కి తిరిగి, పెదవులు కదులుతూ. ఏమన్నదో వినపడటం లేదు. వినపడేదంతా అశ్రిత అరుపే.

ఆమె శైలజ మేడం గదికి వెళ్ళింది. "మేడం, తప్పు నాదే. నన్ను కోర్సు నుంచి తీసేస్తారా?"

మేడం కుర్చీ చూపించింది. "తోసింది నువ్వు. పిలిచింది నేను. ఎవరికి మోకాళ్ళ నొప్పులున్నాయో, ఎవరికి ఊపిరి ఆడదో ఎక్కించే ముందు అడగాల్సింది నేను. ఏం జరగబోతోందో వాళ్ళ భాషలో చెప్పాల్సింది కూడా నేనే. అది డైరెక్టర్ గారికి చెప్పాను. ఆసుపత్రి సంగతి యూనివర్సిటీ చూసుకుంటుంది. నువ్వు చేయాల్సింది వేరే ఉంది. అది నేను చెప్తే చేసేది కాదు."

ఆదివారం పొద్దున అశ్రిత ఉతికిన సంచి తీసుకుని ఒక్కతే బస్సెక్కింది. ఊళ్ళో దిగి అమీర్ అలీ ఇల్లు అడిగి వెళ్తే, రిదా తల్లి జమీలా తలుపు తీసింది. అశ్రితను కిందా మీదా చూసి, "చాయ్ తాగి పో," అంది. రిదా ఆమె మొహం చూడకుండా చాయ్ ఇచ్చింది, చున్నీ సర్దుకుని ముందు నడిచింది. సందు మలుపు దగ్గర మాత్రం ఆగి, "కాక ఏమన్నా అంటే ఎదురు చెప్పకు," అంది.

లింగస్వామి వాకిట్లో కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. తల ఎత్తి చూసి మళ్ళీ దించుకున్నాడు.

"మీ సదువు కోసం మా అవ్వ చెయ్యి ఇరగ్గొట్టిన్రు. ఇగ ఏం జూడనీకి వచ్చిన్రు?"

అశ్రిత దారి పొడుగునా అనుకుంటూ వచ్చిన మాటలన్నీ మరిచిపోయింది. "సంచి ఇవ్వడానికి వచ్చాను," అంది.

లోపలి నుంచి బుచ్చవ్వ గొంతు. "ఎవలురా? ఆ గట్టిగ ఒర్రే పిల్లనా? లోపటికి రానియ్యి."

ఆమె మంచం మీద కూర్చుని ఉంది. చేతికి మోచేయి దాకా కట్టు. సంచి తీసుకుని లోపల చెయ్యి పెట్టి చూసి, "ఉతికినవా? మంచిగ జేసినవ్," అంది. అశ్రిత మంచం పక్కన నేల మీద చతికిలబడి ఏడ్చేసింది. బుచ్చవ్వ ఆపమనలేదు. కాసేపు ఏడవనిచ్చి, "ఇగ సాలు. ముక్కు తుడ్సుకో," అంది.

"అవ్వా, ఆ రోజు తలుపు దగ్గర మీరు నాతో ఏమన్నారు?"

"ఏమన్న? మోకాలు వంగదు బిడ్డా, జర చెయ్యి పట్టుకో, కూసుంట అన్న. గా గంట సప్పుడుల నీకు ఇనరాలె. గంతే."

అంతేనా అన్నట్టు చూసింది అశ్రిత. అంతే. చెయ్యి పట్టుకోమంది. ఆ చెయ్యితోనే తాను వీపు మీద తోసింది.

"నాకంటె నువ్వే ఎక్కువ బుగులు పడ్డవ్," అంది బుచ్చవ్వ. "నీ మొఖం జూసిన గద. నాకేంది, గది ఉత్తుత్త విమానమని నాకెరుకే. నీకే నిజం లెక్క ఉండె."

కోడలు పొద్దున్నే చేపలమ్మడానికి కట్ట దగ్గరికి వెళ్ళిపోతుంది. లింగస్వామికి జడ వేయడం రాదు. వారం రోజులుగా బుచ్చవ్వ తల చిక్కులు పడి ఉంది. రిదా దువ్వెన తెచ్చింది, అశ్రిత నూనె రాసింది. ఒకరు పట్టుకుంటే ఒకరు చిక్కులు తీశారు. "మెల్లగ, మెల్లగ. గీమెకు అన్నిటికీ తొందరే," అని బుచ్చవ్వ అశ్రితను కసురుకుంది. రిదా ఫక్కున నవ్వింది. వారం తరువాత ఆమె నవ్వు వినడం అశ్రితకు అదే మొదలు.

ఆ తరువాత చాలా ఆదివారాలు అశ్రిత ఊరికి వెళ్ళింది. లింగస్వామి ఆమెతో మాట్లాడేవాడు కాదు. ఆమె వస్తే వల తీసుకుని బయటికి వెళ్ళిపోయేవాడు. బతుకమ్మ పండుగ రోజుల్లో అశ్రిత, రిదా కలిసి తంగేడు పూలు తెచ్చి ఇచ్చారు. బుచ్చవ్వ ఒక్క చేత్తోనే బతుకమ్మ మొదటి వరసలు పేర్చి, ఇద్దరితోనూ మిగతా వరసలు పేర్పించింది. అక్కడ చేరిన ఆడవాళ్ళను అశ్రిత ఒకరోజు అడిగింది, ఆ రోజు గంట మోగినప్పుడు మీకేమనిపించింది అని.

"నువ్వు తిడుతున్నవనుకున్నం," అంది ఒకామె. "ఎందుకు తిడుతున్నవో తెల్వక కూసున్నం."

"బెల్టు ఎట్ల ఇప్పాల్నో ఎవలు జెప్పిన్రు మాకు?" అంది ఇంకొకామె.

బుచ్చవ్వ ఫిర్యాదు మాత్రం వేరు. "నా ముందటోళ్ళు మంచిగ జారిన్రు. పోరగాండ్ల లెక్క కేకలేసిన్రు. నేను బొర్లపడ్డ. నాకు మల్లొక్కసారి ఎక్కాలె."

"ఇంకొక్కసారా?" లింగస్వామి గుమ్మంలోంచి అన్నాడు. "ఈసారి కాలు ఇరగ్గొట్టుకుంటవా?"

"కాలు నాది గదరా," అంది తల్లి.

కట్టు విప్పిన వారానికి అశ్రిత, రిదా మేడం దగ్గరికి వెళ్ళారు. అభ్యాసం మళ్ళీ చేస్తామని, ఈసారి తెలుగులో చెప్తామని అడిగారు. "ఆజ్ఞలు ఇంగ్లీషులోనే అరవాలి. రేపు ఏ విమానంలో చేరినా అవే అరుస్తారు, అది మారదు. కానీ అవి అరిచాక ఎదుటివాళ్ళ భాషలో కూడా అరవొద్దని ఎక్కడా లేదు," అంది. డైరెక్టర్ మొదట ససేమిరా అన్నాడు. తరువాత డాక్టరు దగ్గర ఉండాలని, ముసలివాళ్ళు జారకూడదని షరతు పెట్టి ఒప్పుకున్నాడు.

"నాయకురాలు ఎవరు?" అడిగింది మేడం.

"రిదా," అంది అశ్రిత. "వాళ్ళు ఆమె మాట వింటారు. నేను కింద ఉంటాను, జారినవాళ్ళను లేపడానికి."

రిదా తెల్లబోయింది. "నా గొంతు సరిపోదు."

"సరిపోతుంది. హాస్టల్ వెనక నేను విన్నాగా."

ఈసారి ట్రాలీలో వచ్చినవాళ్ళు మొదటిసారి వచ్చినవాళ్ళలో సగం కూడా లేరు. లింగస్వామి వచ్చాడు, తల్లిని ఒంటరిగా పంపనని వచ్చాడు. బుచ్చవ్వ అదే జరీ అంచు చీరలో ఉంది. ముసలివాళ్ళు జారకూడదని మేడం చెప్పగానే, "నన్ను ముసల్దన్నదెవలు?" అని గయ్యిమంది. చివరికి మేడం రాజీ కుదిర్చింది. లోపల వెనక సీటులో కూర్చోవచ్చు, అందరూ దిగాక వెనక ఉన్న మెట్ల మీదుగా దించుతారు.

ఎక్కే ముందు రిదా అందరినీ చుట్టూ నిలబెట్టి, బెల్టు ఎలా పెట్టుకోవాలో, ఎలా విప్పాలో చూపించింది. మోకాళ్ళ నొప్పులు ఎవరికున్నాయో అడిగింది. గంట మోగితే లేవాలని, సామాను వదిలేయాలని, గడప మీద కూర్చుని చేతులు ముందుకు చాపాలని చెప్పింది. డాక్టరు పక్కన కూర్చుని వింటున్నాడు.

గంట మోగింది. అశ్రిత కింద పరుపు పక్కన నిలబడి పైకి చూస్తోంది. పొగలోంచి రిదా గొంతు వచ్చింది. మొదట ఇంగ్లీషులో. ఆ వెంటనే, "బెల్టు ఇప్పుండ్రి! లెవ్వుండ్రి! సామాన్లు ఆడ్నే ఇడ్వుండ్రి! నా దిక్కు రాండ్రి!"

జనం వచ్చారు. ఒకరి వెనక ఒకరు, కూర్చుని, చేతులు చాపి, జారి. అశ్రిత ఒక్కొక్కరి చెయ్యి అందుకుని లేపి పక్కకు పంపింది. లింగస్వామి కూడా జారాడు. కిందికి రాగానే చొక్కా దులుపుకుని, ఆమె చెయ్యి అందుకోకుండా తానే లేచాడు. లేచి పక్కకు పోకుండా అక్కడే నిలబడి పైకి చూశాడు. తల్లి ఇంకా లోపలే ఉంది.

పైన రిదా అందరూ దిగారో లేదో చూడడానికి వెనక వరుస దాకా వెళ్ళింది. వెనక మెట్ల దగ్గర డాక్టరుతో నిలబడి సమయం చూసుకుంటున్న మేడం సైగ చేసింది, మెట్ల వైపు. బుచ్చవ్వ సీటులోంచి లేచి నిలబడింది. మెట్ల వైపు నడవలేదు.

"మెట్ల మీదకెళ్ళి దిగనీకి నేను గింత దూరం రాలె," అంది. ఆ మాట కిందికి కూడా వినపడింది.

రిదా మేడం వైపు చూసింది. మేడం డాక్టరు వైపు చూసింది. డాక్టరు సరేనన్నట్టు తల ఊపాడు. గంట మోగుతూనే ఉంది. తొంభై సెకన్లు ఎప్పుడో దాటిపోయాయి.

తలుపు దగ్గర రిదా ముందు తాను గడప మీద కూర్చుని చూపించి లేచింది. బుచ్చవ్వను వెనక నుంచి చంకల కింద పట్టుకుని, వంగని కాలు చాపించి, మెల్లగా గడప మీద కూర్చోబెట్టింది. కింద అశ్రిత జారుడుబల్ల ఒకవైపు అంచు పట్టుకుంది. రెండోవైపు అంచు మీద ఇంకో చెయ్యి పడింది. లింగస్వామిది.

"అవ్వా, ఇద్దరం ఉన్నం, రా," అన్నాడు అతను.

"జరుగుండ్రి," అంది బుచ్చవ్వ. జారింది. పైట గాల్లో లేచింది. వచ్చి ఇద్దరి మధ్యా ఆగి, ఒక్క క్షణం ఊపిరి తీసుకోకుండా ఉండి, పెద్దగా నవ్వింది. ఆమెకు పళ్ళు ఎన్ని లేవో ఆ రోజు అందరికీ తెలిసింది. అశ్రిత ఆమె చెయ్యి పట్టుకుంది, కట్టు విప్పిన చెయ్యి కాదు, రెండోది. చాలాసేపు వదల్లేదు.

సాయంత్రం మేడం క్లాసును కూర్చోబెట్టి ఉన్నదున్నట్టు చెప్పింది. "సమయం దాటింది. ఈ అభ్యాసం ఫెయిల్. నిజం మంట అయితే రిదా, బుచ్చవ్వ ఇద్దరూ పొగలోనే ఉండిపోయేవాళ్ళు. అది మరిచిపోవద్దు." రిదా తల దించుకుంది. "కానీ బుచ్చవ్వ దిగే ముందు దాకా లెక్క తీస్తే, మన కాలేజీలో ఇంత త్వరగా ఎవరూ విమానం ఖాళీ చేయలేదు. వచ్చేవారం పిల్లలతోనే మళ్ళీ పెడతాను. రిదాయే చేయిస్తుంది." తరువాతి వారం పెట్టిన పరీక్షలో రిదా బృందం నెగ్గింది. అశ్రితకు మొదటి అభ్యాసంలో పోయిన మార్కులు తిరిగి రాలేదు. ఆమె అడగనూ లేదు.

అభ్యాసం జరిగిన ఆ మధ్యాహ్నం, ఊరివాళ్ళు వెళ్ళే ముందు షెడ్డు నీడలో అందరికీ భోజనాలు పెట్టారు. బుచ్చవ్వ విస్తరి ముందు కూర్చుని, జారడమంటే ఎలా ఉంటుందో మొదటిసారి వచ్చి జారినవాళ్ళకే వివరిస్తోంది. అశ్రిత అన్నం వడ్డిస్తూ లింగస్వామి దగ్గర ఆగింది. పెట్టాలా వద్దా అన్నట్టు గరిటె పట్టుకుని నిలబడింది.

అతను విస్తరి కొంచెం ముందుకు జరిపాడు.

"శాపలు తింటవా నువ్వు?" అని అడిగాడు.

"తింటాను."

"ఆయితారం రా. రిదాను గూడ తీస్కరా. బొమ్మిడాలు పడుతున్నయ్ ఇప్పుడు," అన్నాడు. తరువాత అన్నంలో పప్పు కలుపుకుంటూ, "జర ఎక్కువ పెట్టు," అన్నాడు.